మొహమాటానికి బొమ్మేది?

ఏప్రిల్ ఎండలో బస్టాండు నుంచి నడుచుకుంటూ కర్నూల్లో మా చెల్లెలింటికి చేరాను. యూకేజీ చదివే ఆమె మనవరాలు నన్ను ఎగాదిగా చూసి, చేతిలో చార్టు తిరగేసి తీర్పు చెప్పింది: "తాతా, నువ్వు శాడ్." శాడ్ కాదు తల్లీ, దప్పిక. చార్టులో ఆరు పసుప్పచ్చ గుండ్రటి మొహాలున్నాయి. దప్పికకు బొమ్మ లేదు. మా చెల్లెలు ఏ చార్టూ చూడకుండానే చెంబుతో మజ్జిగ తెచ్చింది.

ఆమె బళ్లో పిల్లలకు ఎదుటివాళ్ల మొహాలూ ఒంటి కదలికలూ చదవడం నేర్పుతారట. పుస్తకాల ఫీజు, యూనిఫాం ఫీజు పక్కన ఇప్పుడు దీనికీ ఒక ఫీజు. తల్లిదండ్రుల మీటింగు ఉందంటే నేనూ తోకలాగా వెళ్లాను. టై కట్టుకున్న ట్రైనర్ ఒకాయన, మనం చెప్పేదాంట్లో మాటల వాటా నూటికి 7 పాళ్లేననీ, మిగతా 93 గొంతూ మొహమూ చెబుతాయనీ రెండు గంటలు మాటల్తోనే చెప్పాడు. అదే నిజమైతే ఆయన నోరు కట్టేసుకుని సైగలు చేస్తే సరిపోయేది. 93 పాళ్లు అర్థం చేసుకుని పెందలాడే ఇళ్లకు పోయేవాళ్లం.

ఆ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల్లోంచి వచ్చింది. ఆయన ఒక్కొక్క మాటను రకరకాల గొంతుల్లో వినిపించి, ఫొటోల్లో మొహాలు చూపించి, ఇష్టాయిష్టాలు ఎలా తెలుస్తాయో చూశాడు. ఈ లెక్క అన్ని మాటలకూ వర్తించదని ఆయనే చెప్పాడు. చెబితే ఏం, వినేవాళ్లకు మాటల వాటా 7 పాళ్లే కదా!

ఆరు మొహాల సంగతీ అంతే. మనిషికి ఆరు మూల భావాలున్నాయనీ, లోకమంతటా వాటి మొహాలు ఒకటేననీ పాల్ ఎక్మన్ చెప్పిన దాన్ని చార్టులవాళ్లు అచ్చేసుకున్నారు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలెన్నో గాలించి, మొహం చూసి మనసు చెప్పడం అంత నమ్మదగిన పని కాదన్నారు. కోపమొచ్చినవాళ్లు మొహం చిట్లించేది సగటున నూటికి ముప్ఫైసార్లు కూడా ఉండదట. పైగా చిట్లించినవాళ్లందరికీ కోపం ఉండదు. మా సీమ ఎండలో అందరి మొహాలూ చిట్లించుకునే ఉంటాయి. ఈ చార్టు పట్టుకుని మధ్యాహ్నం పూట కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడితే, ఊరంతా కొట్లాటకు దిగినట్టే కనిపిస్తుంది.

ఆ సాయంత్రమే ఆదోని నుంచి చుట్టమొకాయన వచ్చాడు.

"కాఫీ తాగుతావాన్నా?"

"వద్దులేమ్మా, ఇప్పుడే తాగొచ్చినా."

చార్టు చేతబట్టుకున్న పిల్ల వెంటనే అందుకుంది: "అవ్వా, ఆ తాత హ్యాపీ. కాఫీ వద్దంట!"

ఆయన మొహం వెలవెలబోయింది. మా చెల్లెలు అప్పటికే పాలు పొయ్యి మీద పెట్టేసింది. 'వద్దు' అంటే వద్దని, 'వద్దులే' అంటే చక్కెర తక్కువెయ్యమని ఆమెకు తెలుసు. మొహమాటం అనే మాటలోనే మొహం ఉంది. చార్టులో దానికి బొమ్మేది? చిన్నబోవడం, ముడుచుకోవడం, మాడ్చుకోవడం, గంటు పెట్టుకోవడం, చాటెయ్యడం, చెల్లకపోవడం... మొహానికి మనం ఇన్ని మాటలు కూడబెట్టుకుంటే, చార్టు వాటన్నిటినీ 'శాడ్' అనే ఒక్క గంపలో పోసింది.

కడప జిల్లా సురభి ఊళ్లో 1885లో 'కీచక వధ' ఆడి మొదలైన నాటక కుటుంబాల్లో పిల్లలు పసితనంలోనే రంగస్థలం ఎక్కుతారు. వాళ్లకు రౌద్రమూ శోకమూ నేర్పింది చార్టు కాదు, తెర పక్కన నిలబడి చూసిన అమ్మానాన్నల మొహాలు. అంతెందుకు, 1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా పరిశోధకుడు తల్లుల్ని బిడ్డల ఎదుట రెండు మూడు నిమిషాలు మొహం కదలకుండా కూర్చోమన్నాడు. నెలల పసికందులు ఆ తేడా పసిగట్టి, మొదట నవ్వించబోయారు, తర్వాత మొహం తిప్పుకున్నారు, చివరికి ఏడ్చారు. చదువు రానిది ఎవరికి?

కోసిగి పక్క పల్లెల్లో మిరప కోతల కాలమొస్తే అమ్మానాన్నలు గుంటూరు బండెక్కుతారు. మూటలు కట్టకముందే, నాయన మొహం చూసే పిల్లలకు తెలిసిపోతుంది, బడి మానాల్సి వస్తుందని.

మొహాల్లో భావాలు పోల్చుకోవడం నిజంగా కష్టమయ్యే పిల్లలున్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా నేర్పే టీచర్లకు దండం. నా పేచీ, మిగతా అందరికీ ఈ జబ్బు అంటగట్టి మందు అమ్మేవాళ్లతో.

అందుకే నాదో మనవి. పిల్లల్ని ఆటకు పంపి, ఆ చిన్న బల్లల మీద పెద్దల్ని కూర్చోబెట్టండి. చార్టు నేనిస్తా. ఒకటికి పోవాలని ఉన్నా మిస్ తిడుతుందని ఓర్చుకునే మొహం, లెక్క అర్థం కాకున్నా అయిందని తలూపే మొహం, ఫీజు కట్టలేదని బయట నిలబెట్టినప్పటి మొహం. ఈ మూడూ గుర్తుపట్టినవాళ్లనే నాలుగోదానికి పంపండి.

ఆ నాలుగోది నేను ఆ రాత్రే చూశాను. పిల్ల చార్టు తెచ్చి, ఫోన్లో తలదూర్చిన అమ్మ చెంప పక్కన ఆనించి, ఆరు బొమ్మలూ ఒక్కొక్కటే పోల్చి చూసింది.

"తాతా, అమ్మది దీంట్లో లేదు" అంది.

వాళ్లమ్మ తలెత్తకుండానే "ఊ" అంది.