పూటకు ఇరవైమూడు!

జామకాయలకు పేరుపడ్డ కోహీర్ నుంచి పట్నం కాలేజీకి పోయిన కొడుకు నెల తిరగకముందే ఫోన్ చేశాడు. "నాయినా, పైసలు అయిపోయినయ్. ఫోన్‌పే కొట్టవా?"

"మొన్ననే కొడితి కద బిడ్డా! లెక్క రాస్తున్నవా లేదా?"

రాయాల్సిందే. పొదుపు నేర్పడానికి మన సర్కారే పెద్ద పంతులు. సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారి మెస్ చార్జీని 2024లో ఏకంగా 40 శాతం పెంచింది. నెలకు 1,500 కాస్తా 2,100 అయింది. అంటే రోజుకు 70, పూటకు 23 రూపాయల చిల్లర! ఇరానీ హోటల్లో చాయ్ చెప్పి, రెండు ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుంటే ఆ పూట కోటా హుష్‌కాకి.

ఆదా చేయాలంటే ఆడపిల్లగానైనా పుట్టాలి. 2023 డిసెంబరు నుంచి చెల్లెలికి ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితం. అన్నకు మాత్రం పండక్కి ఇంటికొచ్చినా టికెట్టే.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతా? బకాయిలు ఇవ్వండి మహాప్రభో అంటూ 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. బంద్ చేయడం విద్యార్థి సంఘాల పని అనుకున్నాం. ఆ ఉద్యోగం కూడా యాజమాన్యాలే కొట్టేశాయి!

రూమ్మేటు దగ్గర వంద చేబదులు తీసుకుని వారం తిప్పితే పోరడు దుబారా మనిషి. కోట్లు బాకీపడి ఏళ్లు తిప్పితే అది దశలవారీ చెల్లింపు. బడ్జెట్ పాఠం ముందు ఎవరికి చెప్పాలంటారు?