ఒకానొక కాన్ఫిగ్ పంక్తికి టీకా తాత్పర్యం

మూలం:
ఎక్స్‌క్లూడ్‌పీకేజీఎస్=కెర్నెల్* *.ఐ686

అవతారిక: ఆఫీసులోని సర్వర్లన్నియు అప్‌డేట్ల కొరకు ఇంటర్నెట్‌పై పడుట కూడదని, రాకీ లినక్స్ రెపోకు ఒక నకలు లోపలనే నిలిపి, రాత్రివేళల డీఎన్‌ఎఫ్ రెపోసింక్ చేత దానిని సింక్ చేయించు సిస్టమ్ అడ్మిన్, డిస్కు నిండవచ్చుట చూచి ఇట్లు శాసించుచున్నాడు.

ప్రతిపదార్థం: ఎక్స్‌క్లూడ్‌పీకేజీఎస్ = తేవలదన్న ప్యాకేజీలు; కెర్నెల్* = కెర్నెల్ అని మొదలగు పేరు గల సమస్తమును; నడిమి ఖాళీ = మరియు; *.ఐ686 = 32 బిట్ల సరుకంతయు.

పాఠాంతరం: 'ఎక్స్‌క్లూడ్' అని పొట్టి పాఠము. యమ్ నాటిది. డీఎన్‌ఎఫ్ రెంటిని ఒప్పును.

తాత్పర్యం: ఓయీ డీఎన్‌ఎఫ్! కెర్నెల్ జోలికి పోకుము. 32 బిట్ల వానిని గడప తొక్కనీయకుము. తక్కినవి తెమ్ము.

విశేషం: రెండవ నక్షత్రము సాధువు, వైన్ వంటివాటితో పని లేని సర్వర్లలో దాని వలన కీడు లేదు. మొదటిది అట్లు కాదు. అది కెర్నెల్-హెడర్స్‌ను సైతము మింగును. జీసీసీకి జీలిబ్‌సీ-డెవెల్ కావలెను, ఆ పరివారమునకు కెర్నెల్-హెడర్స్ కావలెను. కావున కెర్నెల్‌ను ఆపితిననుకొన్నవాడు కొత్త సర్వరులో సీ కంపైలర్‌ను ఆపినవాడగును. కెర్నెల్-కోర్, కెర్నెల్-మాడ్యూల్స్ అని పేరు పేరున వ్రాయుట మేలు. ఏదో డ్రైవరు చెడునను భయముతో కెర్నెల్‌ను ఆపువారు పలువురు. దానితో భద్రతా సవరణలును ఆగుననుట వారికి పట్టదు.

శంక: ప్యాకేజీ డిస్కుపైకి రానే లేదు. క్లయింటు దానినే అడిగి 404 తిని వచ్చుటేల?

సమాధానం: రెపోసింక్‌కు డౌన్‌లోడ్-మెటాడేటా అను ఆప్షన్ ఇచ్చినందున. అది పైరెపో సూచికను ఉన్నదున్నట్లు తెచ్చును. అందు విడిచినవాని పేర్లును ఉండును. బోర్డుపై పెసరట్టు అని వ్రాసి, వంటింట పెసలు నానవేయని హోటల్ వంటిదిది. ఆ ఆప్షన్ మాని, క్రియేట్‌రెపో_సీ నడిపి, ఉన్న సరుకునకు తగిన సూచికను కట్టవలెను. నిషేధమునకు ముందే దిగిన పాత దస్త్రములు ఉన్నచో అవియు ఆ సూచికలోనికెక్కును. అందులకు రెపోసింక్‌కు డిలీట్ అని కూడ చెప్పవలెను.

మరల శంక: కొత్త సూచికలో భద్రతా ప్రకటనలు ఉండునా?

సమాధానం: ఉండవు. అప్‌డేట్‌ఇన్ఫోను మాడిఫైరెపో_సీతో విడిగా అతికింపవలెను. మరచినచో, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇమ్మన్న క్లయింటుకు ఏమియు లేవని జవాబు వచ్చును. అడ్మిన్ దానిని మేనేజరుకు శుభవార్తగా పంపును.