దయగల టిక్కెట్టు

ఈ రోజుల్లో ఐదు రూపాయలకు ఏమొస్తుంది? రోడ్డు పక్క బండి దగ్గర టీ రాదు. కిరాణా కొట్లో అయితే చిల్లర లేదని ఆ ఐదుకి నాలుగు చాక్లెట్లు చేతిలో పెట్టి పంపేస్తారు. అలాంటి ఐదు రూపాయలకు రెండున్నర గంటల పాటు కుర్చీ, ఫ్యాను, హీరో, ఇద్దరు హీరోయిన్లు, నాలుగు ఫైట్లు ఇప్పించిన ఘనత 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి దక్కింది. 35వ నంబరు జీవో. పంచాయతీ పరిధిలో ఏసీ లేని హాలయితే కింద తరగతి ఐదు, మధ్యది పది, పైది పదిహేను. అదే రాష్ట్రంలో 2025 సెప్టెంబరులో ‘ఓజీ’ బెనిఫిట్ షోకు టిక్కెట్టు వెయ్యి రూపాయల దాకా అమ్ముకోవచ్చని ఇంకో ఉత్తర్వు వెలువడింది. ఐదుకీ వెయ్యికీ మధ్య నాలుగున్నరేళ్లు, ఒక ఎన్నిక. కుర్చీలో నల్లులు మాత్రం అవే.

మొదటిది పేదవాడి కోసం చేశామన్నారు. రెండోది పరిశ్రమ కోసం. ఎవరికోసమైనా కానివ్వండి, హాలు వాడి సరుకుకి హాలు వాడు ధర పెట్టుకోవడం మాత్రం రెండు ఏలుబడుల్లోనూ కుదరలేదు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం ఒకటుంది. దాని చలవ వల్ల వంద కోట్లు పెట్టి సినిమా తీసినవాడు దాన్ని ఎంతకి అమ్మాలో ప్రభుత్వం వారిని అడగాలి. సిమెంటుకి లేని ధరల పట్టిక పాటలకీ ఫైట్లకీ ఉంది. అదే హాల్లో పాప్‌కార్న్‌కి లేదు, అదొక తమాషా. టిక్కెట్టు సోషలిజం, ఇంటర్వెల్ పెట్టుబడిదారీ విధానం.

2022 ఫిబ్రవరి 25, శుక్రవారం ‘భీమ్లా నాయక్’ విడుదలయింది. ఆ ఉదయం వీఆర్వోలకు హాళ్ల దగ్గర డ్యూటీ వేశారు. వీఆర్వో అంటే అడంగల్ చూడాలి, పంట నమోదు చెయ్యాలి, కుల ధ్రువీకరణ పత్రానికి విచారణ చెయ్యాలి. ఆయన బుకింగ్ పక్కన నిలబడి ఏ తరగతికి ఎంత తీసుకుంటున్నారో చూస్తున్నాడు. చుట్టూ కుర్రాళ్లు ఈలలు, కాయితం ముక్కలు, కటౌటుకి పాలు. సర్వే నంబరు తప్పు పడిందని కాగితాలు పట్టుకుని తిరిగే రైతు ఆ పూట ఎక్కడికెళ్లాలి? సినిమాకే వెళ్లాలి, సారు అక్కడే ఉన్నారు.

అంతకు రెండేళ్ల ముందు, 2020 మేలో, ఇదే ప్రభుత్వం విశాఖ వైపు బళ్లో పంతుళ్లకు మందు షాపుల దగ్గర క్యూలు సరిచూసే పని అప్పగించింది. షాపులూ ప్రభుత్వానివే. ఆ వారంలోనే మందు ధర ముందు పాతిక శాతం, వెంటనే ఇంకో యాభై శాతం పెంచారు. పేదవాడు తాగకూడదని ధర పెంచారు, పేదవాడు సినిమా చూడాలని ధర దించారు. పేదవాడు ఏమనుకుంటున్నాడో అడిగినవాళ్లు లేరు. అతని జేబుకి కుడి పక్క ఒక శాఖ, ఎడం పక్క ఒక శాఖ.

సరే, ఐదు రూపాయల దయ చివరికి ఎవరికి చేరిందో చూద్దాం. పెద్ద హీరో సినిమా మొదటి రోజు. హాల్లో సీట్లు ఆరువందలు, గేటు బయట మూడువేల మంది. టిక్కెట్టు మీద పది రూపాయలని అచ్చు వేసినంత మాత్రాన ఆ మూడువేల మందికీ సీట్లు పుట్టవు. పది రూపాయల టిక్కెట్టు సైకిల్ స్టాండు వెనక రెండొందలకు దొరుకుతుంది. ఆ తేడా సినిమా తీసినవాడికి రాదు, హాలు వాడికి రాదు, పన్ను రూపంలో ఖజానాకీ రాదు. జేబులో కట్ట దోపుకుని, ఎటో చూస్తూ ‘బాల్కనీ, బాల్కనీ’ అని గొణిగే మనిషికి పోతుంది. జీవో రాసినవాళ్లకి తెలియకపోయినా ఆ శాఖ పుణ్యమంతా ఆయన ఖాతాలోనే పడింది.

ఇక హాలు వాడు. కరెంటు బిల్లు పాతదే, జనరేటర్లో డీజిలు కొత్త ధర, టార్చి పట్టుకుని సీటు చూపించే కుర్రాడికి జీతం, సినిమా ఇచ్చినవాళ్లకి వాటా. ఈ లెక్కంతా కింద తరగతి ఐదు రూపాయల్లోంచి రావాలి. 2021 డిసెంబరులో నటుడు నాని, థియేటరు కన్నా పక్కనున్న కిరాణా కొట్టు కలెక్షన్లే మెరుగన్న అర్థంలో ఒక మాట అంటే మంత్రులకు కోపం వచ్చింది. లెక్క సంగతి ఎలా ఉన్నా, అన్నవాడు ఎవరని అడిగారు. ఆ నెలలోనే తనిఖీలు, కొన్ని హాళ్లకు సీళ్లు. నటుడు, దర్శకుడు ఆర్. నారాయణమూర్తి వెళ్లి మాట్లాడితే గడువు ఇచ్చి మళ్లీ తెరవనిచ్చారు. అసలు ఈ ఐదు రూపాయల కట్టడి రాకముందే ఊళ్లలో హాళ్లు కల్యాణ మండపాలవుతున్నాయి. ఇంకొంచెం దయ చూపిస్తే పెళ్లిళ్లకి కొరత ఉండదు.

2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తదితరులు తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రిని కలిశారు. చిరంజీవి చేతులు జోడించి అడుగుతున్న వీడియో రాష్ట్రమంతా చూసింది. తెరమీద వందమందిని ఒక్క చేత్తో విసిరేసే మనిషి, తన సరుకు తాను అమ్ముకోవడానికి రెండు చేతులూ జోడించాడు. మార్చిలో కొత్త జీవో వచ్చింది. రేట్లు పెరిగాయి. అందులో ఒక ముచ్చట: హీరో, దర్శకుల పారితోషికం తీసేశాక వంద కోట్లు దాటిన సినిమాకి అదనంగా పెంచుకునే వీలు ఉంటుంది, అయితే షూటింగులో ఇరవై శాతం రాష్ట్రంలో జరగాలి. అంటే ఏ సీను మారేడుమిల్లిలో తీశారో, ఏది హైదరాబాదు సెట్లో తీశారో సచివాలయంలో ఒక సెక్షన్ ఆఫీసరు గారు కొలిచి చెప్పాలి. పాటలో రెండో చరణం అరకులో తీస్తే ఎంత శాతమో మాన్యువల్‌లో ఉండే ఉంటుంది.

ప్రభుత్వం మారింది, అర్జీ మారలేదు. 2025 మేలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఒక ప్రకటన ఇచ్చారు. కొత్త ప్రభుత్వం వచ్చి ఏడాది కావస్తున్నా సినిమావాళ్లు ముఖ్యమంత్రిని మర్యాదపూర్వకంగా కలవలేదని, తనకు మంచి రిటర్న్ గిఫ్ట్ ఇచ్చారని నొచ్చుకున్నారు. భీమ్లా నాయక్ ఈయనే, ఓజీ కూడా ఈయనే. పది రూపాయల టిక్కెట్టు బాధ ఈ రాష్ట్రంలో ఈయనకన్నా తెలిసినవాళ్లు లేరు. అంత బాధ పడ్డ మనిషి అధికారంలోకి వచ్చాక ఆ సంకెల తెంచేస్తాడనుకుంటాం. తెంచలేదు, తాళంచెవి పుచ్చుకున్నారు.

తెలంగాణ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర ‘పుష్ప 2’ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె బిడ్డ చావు దాకా వెళ్లాడు. ఆ ఆటకు టిక్కెట్టు మీద అదనంగా ఎనిమిదివందలు తీసుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది ప్రభుత్వమే. తాను పదవిలో ఉన్నంతకాలం ప్రత్యేక షోలూ పెంపులూ ఉండవని ముఖ్యమంత్రి ఆ నెలలో శాసనసభలో ప్రకటించారు. జనవరిలో ‘గేమ్ ఛేంజర్’కి పెంపు ఇచ్చారు. హైకోర్టు కోప్పడితే మూడురోజుల్లో వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబరులో ‘ఓజీ’కి మళ్లీ ఇచ్చారు, మళ్లీ కోర్టు. సినిమా పేరు ఒక్కటే మారుతుంది, కథనం అదే.

ప్రభుత్వానికి హాల్లో పనే లేదని నేను అనను. మెట్ల మీద సామాన్లు పెట్టి దారి మూసేశారా, అత్యవసర ద్వారానికి తాళం ఉందా, వైరింగు ఏ కాలం నాటిది, పట్టేదెందరు, లోపలికి వదిలిందెందరు, ఇవి చూడాలి. 1997లో ఢిల్లీ ఉపహార్‌లో 59 మంది పోయింది టిక్కెట్టు ధర వల్ల కాదు. హాళ్లు లీజుల పేరుతో కొద్దిమంది గుప్పిట్లో ఉన్నాయన్న పాత ఫిర్యాదు నిజమైతే దానికి కాంపిటీషన్ కమిషన్ ఉంది, అటు పంపాలి. వీటికి మాత్రం ఏ శుక్రవారమూ వీఆర్వోని పంపినట్టు వినలేదు. తలుపు తాళం చూసొస్తే హీరోలు వచ్చి దండం పెట్టరు కదా.

వెయ్యి పెట్టి మొదటి ఆట చూస్తానన్నవాడు వాడి వెయ్యి వాడు తగలేసుకుంటాడు. వాళ్లమ్మ తిడుతుంది, అది వాళ్లింటి గొడవ, హోం శాఖది కాదు. ఎక్కువనుకున్నవాడు నాలుగు వారాలాగితే ఫోన్లోకే వస్తుంది. సీట్లు ఖాళీగా మిగిలితే హాలు వాడే సోమవారానికి దిగొస్తాడు, వాడికి జీవో చదివి వినిపించాల్సిన పని లేదు.

పవన్ కల్యాణ్ ఇచ్చిన ఆ మే నెల ప్రకటనలోనే ఒక సంస్కరణ కూడా ఉంది. ఇకనుంచి రేట్లు పెంచమని నిర్మాతలు విడివిడిగా రాకూడదు, ఫిలిం ఛాంబర్ ద్వారా రావాలి, తన ‘హరిహర వీరమల్లు’కయినా ఇదే పద్ధతి అన్నారు. వరసలో ఇంకో గుమ్మం వచ్చి చేరింది. జీవో తీసేస్తే సరిపోతుందిగా అని మీరు అడగొచ్చు. తీసేస్తే సంక్రాంతి సినిమాలప్పుడు ఆ గుమ్మం తొక్కేదెవరు, శాలువా కప్పేదెవరు?