రాలిన కొమ్ము

నేను చుక్కల దుప్పి కుడి కొమ్మును. దోర్నాల పక్కన, నల్లమల అడవి ముగిసి మిరప చేలు మొదలయ్యే చోట, రేగుపొద కింద పడి ఉన్నాను. నారు నాటడానికి పెద్దాయన వెంట వచ్చిన పిల్ల నన్ను చూసి గుండె గుబేలుమని ఆగిపోయింది.

"దుప్పిని ఎవరో చంపేశారు తాతా!"

"చంపలేదమ్మా, అదే రాల్చుకుంది. యాడిదాన్ని ఆడే ఉండనీ. ఇంటికి తేమాక, కేసవుద్ది."

ఆయన అన్నవి రెండూ నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, రాలిన కొమ్మయినా సరే అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఇక రాల్చుకోవడం సంగతి నేనే చెప్పాలి.

కొమ్ము అనే ఒక్క పేరే పెట్టారు గానీ, ఒంగోలు గిత్త కొమ్ము వేరు, నేను వేరు. దానికి లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు. ఒకసారి మొలిస్తే బతికినంత కాలం ఉంటుంది. కృష్ణజింకదీ అంతే. నేను నిఖార్సైన ఎముకను. మగదుప్పి నెత్తిన ఏటా మొలుస్తాను, ఏటా రాలతాను.

కిందటేడు సరిగ్గా ఈ నాట్ల రోజుల్లోనే మొలిచాను. ఒంటి నిండా మెత్తటి నూగుతోలు, దాని కింద వెచ్చటి రక్తనాళాలు. ఈగ వాలినా దుప్పికి తెలిసేది. చేలల్లో పత్తి తీతలు సాగుతుంటే నేను పైపైకి ఎదిగి మూడు మొనలు వేశాను. మేతలో దొరికింది చాలక దుప్పి తన పక్కటెముకల్లోని సున్నాన్ని కూడా కరిగించి నాకు పోసింది. ఆ రుణం నేను మరవలేదు.

కల్లాల్లో మిరపకాయలు ఎండే వేళకు దుప్పి ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పొంగింది. నాకు రక్తం ఆగింది. నూగుతోలు పీలికలై వేలాడింది. దుప్పి నన్ను చెట్ల బెరళ్లకు రుద్ది రుద్ది ఆ తోలంతా ఒలిచేసింది. అప్పటికి నేను చచ్చిన ఎముకను, అందుకే పోట్లాటకు పనికొచ్చాను. వేసవంతా ఆడదుప్పుల కోసం పోరాటాలే. ఒకసారి మరో పోతును ఢీకొట్టినప్పుడు నా పైమొన విరిగింది. చచ్చిన ఎముక అతకదు. విరిగినదాన్ని జీవితాంతం మోయకుండా, దించి కొత్తది మొలిపించుకోవడం దుప్పి జాతికి పెద్ద వరమని నా నమ్మకం.

వానలు పడ్డాక టెస్టోస్టిరాన్ తగ్గింది. తగ్గగానే, నుదుటి మీది మొదలుకూ నాకూ మధ్య ఎముకను తినే కణాలు పనికి దిగాయి. పండిన రేగుపండు తొడిమ దగ్గర వదులైనట్టు వదులయ్యాను. ఒక తెల్లవారుజామున దుప్పి ఈ పొదలోకి తల దూర్చింది. టక్కున ఊడాను. నెత్తిన రూపాయి బిళ్లంత ఎర్రటి పచ్చిపుండు, ఒక నెత్తుటి చుక్క. తల ఒక్కసారి విదిలించి మళ్లీ గడ్డికి వంగింది. ఎడమ కొమ్ము ఆ వెనకే ఎక్కడో రాలింది.

చలిదేశాల ఎర్రదుప్పులు పగటి పొద్దు పెరుగుదలను బట్టి వసంతంలో ఇంచుమించు అన్నీ ఒకేసారి రాలుస్తాయి. మా చుక్కల దుప్పులకు ఆ కట్టుబాటు లేదు. ఒకే మందలో ఒకటి బోడితలతో, ఒకటి నూగుకొమ్ములతో, ఇంకొకటి వాడి కొమ్ములతో కనిపిస్తాయి.

రాత్రి ఏదుపంది వచ్చింది. నా అడుగుభాగం మీద జంట గాట్లు పడ్డాయి. నాలోని సున్నం, భాస్వరం దానికి కావాలి. దుప్పులు కూడా ఒక్కోసారి మాలాంటి రాలిన కొమ్ముల్ని నములుతాయి. నన్ను మోసిన దుప్పే ఇటు వస్తే బాగుండు. దాని నెత్తిన ఈపాటికి కొత్త నూగు మొలుస్తూ ఉంటుంది, సున్నం కావాలి.