పాలల్లోకి దిగుతాది!

హోసూరు మూకండపల్లిలో మా వీధికొక పాలవ్వ ఉంది. ఆమె పాలు అమ్మదు, పోయదు. వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా ఆ తల్లి పాలకు కాపలా కాస్తుంది. జీతం లేదు, సెలవు లేదు. పక్కనున్న సిప్కాట్ పారిశ్రామికవాడ కంపెనీలు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. పాలవ్వకు ఒకటే షిఫ్టు, అది ముగిసేది లేదు.

ఆమె వైద్యశాస్త్రమంతా ఒక్క మాట: "పాలల్లోకి దిగుతాది." తల్లి పెరుగు తింటే బిడ్డకు జలుబు దిగుతాది. వంకాయ తింటే గజ్జి దిగుతాది. ఎండలో నడిస్తే వేడి, వానలో తడిస్తే చలి, మొగుడితో కొట్లాడితే కోపం. అత్తిబెలె దాటి బెంగుళూరికి పోయొస్తే దారిలోని దుమ్మంతా దిగుతాది. పక్కింటి కోడలు ఒక రాత్రి దెయ్యం సినిమా చూసింది. తెల్లార్లూ బిడ్డ నిద్రపోలేదు. పొద్దున్నే పాలవ్వ గడపలో నిలబడి, "దిగిందా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది.

మాది మూడు భాషల ఊరు. తెలుగు బాలింతకు తెలుగులో, తమిళ బాలింతకు తమిళంలో, కన్నడ బాలింతకు కన్నడంలో చెబుతుంది. ఉత్తరాది నుంచి పనికొచ్చిన పిల్లకైతే అభినయమే. పెరుగు గిన్నె చూపించి, రొమ్ము చూపించి, బిడ్డను చూపించి, చివర్లో కొంగుతో ముక్కు చీదుతుంది. ఇంతవరకు ఎవరూ అర్థం కాలేదనలేదు.

నాకు బిడ్డ పుట్టి నాలుగో నెల. చట్టం ఇచ్చిన 26 వారాల సెలవులో సగం పైనే కరిగిపోయింది. వంగి పాలిచ్చీ ఇచ్చీ మెడ, భుజాలు కొయ్యబారాయి. అది చూసి మా చెల్లెలు హోసూరు టౌన్లో ఒక స్పాకు గంట కూపన్ కొనిచ్చింది. నేనెవరికీ చెప్పలేదు. సాయంత్రానికల్లా పాలవ్వ వచ్చింది. కబురు కూడా దిగుతుందేమో.

"స్పా అంటే ఏం చేస్తారమ్మీ?"

"నూనె పెట్టి ఒళ్లు పడతారవ్వా. ఆవిరి పడతారు. మొహానికి పిండి పూస్తారు."

ఆమె ఆలోచనలో పడింది. పురిటి స్నానమైనప్పటి నుంచీ ఆమె నాకు చేసినవీ ఇవే: నూనె దట్టించి, పొగలు కక్కే నీళ్లు పోసి, సున్నిపిండి నలిచి, సాంబ్రాణి పొగలో కూర్చోబెట్టడం. ఇంక అడ్డం చెప్పలేదులే అనుకున్నాను.

"నేను చేస్తే దిగదు," అంది. "వాళ్లు చేస్తే దిగుతాది."

డాక్టరమ్మ దగ్గరికి పోతే వెంట పాలవ్వ కూడా వచ్చింది, సాక్షిగా. డాక్టరమ్మ తేల్చేసింది: "ఒళ్లు పట్టించుకుంటే పాలకేమీ కాదు. పోయే ముందు బిడ్డకు కడుపునిండా ఇచ్చి పో, లేకుంటే బోర్లా పడుకోలేవు. రొమ్ముల మీద నూనె వద్దు, అంటినా బిడ్డ నోరు పెట్టేలోగా కడుక్కో. ఆవిరిలో ఎక్కువసేపు కూర్చోకు, నీళ్లు బాగా తాగు. పాలల్లోకి నిజంగా దిగేవి వేరే ఉన్నాయి. సారా, బ్రాందీ దిగుతాయి. కొన్ని మాత్రలు దిగుతాయి. పొగాకులోని నికోటిన్ దిగుతుంది."

పాలవ్వ నోట్లోని పొగాకు ముద్ద ఎడమ చెంప నుంచి కుడి చెంపకు మారింది. ఐదుగురు బిడ్డలకు పాలిచ్చినన్నాళ్లూ ఆ ముద్ద అక్కడే ఉండేదని ఆమే ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు మాత్రం చెప్పలేదు.

మాట మార్చడానికి, "వాళ్ల నూనెలో మల్లెపూలు ఉంటే వద్దని చెప్పమ్మీ, పాలు ఇంకిపోతాయి," అంది. నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు. పాలు ఆపాల్సి వచ్చిన తల్లులకు మల్లెపూలు రొమ్ముల మీద కట్టించి, బ్రోమోక్రిప్టిన్ అనే మాత్రతో పోల్చి చూశారట వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు. పూలు కూడా పాలను తగ్గించాయని 1988లో వ్యాసం రాశారట. జడలో తురుముకున్నా, నూనెలో వాసన వేసినా అంత పని జరుగుతుందని ఆ వ్యాసానికి అర్థం కాదని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. వినేవాళ్లెవరు? నూరింట్లో ఒకటి నిజమని తేలాక, మిగిలిన తొంభైతొమ్మిదికీ ఆ రోజే ముద్ర పడిపోయింది.

స్పాకు బిడ్డనెత్తుకుని పాలవ్వే వచ్చింది. నేను లోపల, ఆమె బయట. నలభై నిమిషాలు హాయిగా గడిచాయి. అంతలో గోడవతల మావాడు గొంతెత్తాడు. ఆ ఏడుపు నా చెవిన పడిందో లేదో, కింద పరిచిన తువ్వాలు తడిసిపోయింది. బిడ్డ ఏడుపు వింటే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరి పాలు చేపుకొస్తాయని పుస్తకాల్లో ఉంది. పాలవ్వకు పుస్తకమెందుకు? నేను బయటికి రాగానే తడిసిన నా రవిక చూసి వెలిగిపోయింది.

"చూస్తివా! చెవి గుండా కూడా దిగుతాది!"

నేను బిడ్డను ఒళ్లో వేసుకున్నాను. కూపన్లో ఇరవై నిమిషాలు మిగిలాయి. వృథా చేయడమెందుకని, అక్కడి పిల్ల పాలవ్వ ముందు కాగితం పెట్టుకుని కూర్చుంది. బీపీ ఉందా, షుగర్ ఉందా అని అడిగి, అలవాటు కొద్దీ, "పాలిస్తా ఉండారా అవ్వా?" అంది.

"ఇచ్చేది అయిపోయింది తల్లీ, ఇప్పుడు కాపలా కాస్తా ఉండా."

"నొప్పి యాడుండాది?"

పాలవ్వ నా ఒడిలోకి చూసింది. "ఎవరికి, బిడ్డకా?"

"కాదవ్వా, మీకు."

పొగాకు ముద్ద నమలడం ఆగిపోయింది. వీధిలో అందరి నొప్పులూ నోటికి వచ్చిన మనిషి తనది చెప్పడానికి చాలాసేపు వెతుక్కుంది. తర్వాత చీర కుచ్చెళ్లు కొంచెం పైకి లాగి కూర్చుంది.

"రాసుకోమ్మీ. కుడి మోకాలు. నడుము. ఎడమ భుజం, పెద్దోడు పుట్టినప్పట్నుంచి..."

ఆ పిల్ల కాగితం వెనక్కి తిప్పింది.