శిబి చక్రవర్తికి ఇండక్షన్ ట్రైనింగ్

మా నకరికల్లు మండలం చేజర్లలో కపోతేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. డేగ బారి నుంచి పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన ఒంటి మాంసం కోసి తక్కెట్లో వేసింది అక్కడేనని స్థలపురాణం. ఇన్నేళ్లూ మేం దాన్ని త్యాగమనే అనుకున్నాం. మా మేనల్లుడు మందుల కంపెనీలో చేరి నెల తిరక్కుండానే తేల్చేశాడు: "అది డీవియేషన్ మావయ్యా, పద్ధతి తప్పడం."

ఎట్టా రా అంటే లెక్క చెప్పాడు. ఆ తక్కెడకి పొద్దున్నే క్యాలిబ్రేషన్ చేశారా? పావురం కూర్చున్న పళ్లేనికి టేర్ తీశారా? తూచిందీ ఆయనే, సరిచూసుకుందీ ఆయనే, పక్కన రెండో సంతకం ఏదీ? చాల్లేదని కాస్త, ఇంకా చాల్లేదని మరికాస్త వేసుకుంటూ పోయి ఆఖరికి తనే పళ్లెంలోకి ఎక్కేశాడు. క్వాలిటీవాళ్ల (క్యూఏ) అనుమతి లేకుండా అంత సరుకు అదనంగా వెయ్యొచ్చా? నిజం చెప్పొద్దూ, వాడి వాదనలో పస ఉంది. డేగగా ఇంద్రుడు, పావురంగా అగ్నిదేవుడు వచ్చింది ఆడిట్‌కే కదా, అదీ చెప్పాపెట్టకుండా.

వాడు నరసరావుపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, అడ్డరోడ్డులో హైదరాబాద్ బస్సెక్కి, నగర శివారులో ఏదో వాక్-ఇన్‌లో దూరాడు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టినప్పటి నుంచీ గుంటూరు జిల్లా కుర్రాళ్లకి అది తెలిసిన దారే. కాకపోతే వీడు చేరింది సొంత పేరుతో మందులమ్ముకునే కంపెనీలో కాదు. మాత్రల పట్టీ వెనక్కి తిప్పి చూడండి. పెద్దక్షరాల పేరు ఒకరిది, కంటికి ఆనని అక్షరాల్లో తయారీ అడ్రసు ఇంకొకరిది. ఆ చిన్నక్షరాల వాళ్ల దగ్గర మావాడి కొలువు. పల్నాడులో దీనికి వేరే వివరణ అక్కర్లేదు, పాసుపుస్తకం ఒకరిది, చెమట ఒకరిది: కౌలు. మా ఆసామి కోతలప్పుడే కనిపిస్తాడు. ఈ ఆసాములు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు, అమెరికా నుంచి ఒకరు, జర్మనీ నుంచి ఒకరు, ఎవరి అగ్రిమెంటు వాళ్లు చంకలో పెట్టుకుని.

అందుకని కొత్తగా చేరినవాడికి పనికన్నా ముందు సంతకం నేర్పుతారు. చేతులు కడుక్కోవడానికి ఒక ఎస్ఓపీ (పని ఇట్టాగే చెయ్యాలనే రాతపత్రం), బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక ఒక ఎస్ఓపీ, ఎస్ఓపీ ఎట్టా రాయాలో చెప్పే ఎస్ఓపీ. పొద్దున బల్ల మీద మోకాలెత్తు దొంతర పెడతారు. ఒక్కోదానికీ 'చదివాను, అర్థమైంది' అని సంతకం, తేదీ. సాయంత్రం బస్సు టైముకి దొంతర ఖాళీ. ఇంగ్లిషులో ఇంత సరుకు ఒక్క పూటలో అర్థమైపోయే బుర్రకి ఆర్గానిక్ కెమిస్ట్రీలో రెండుసార్లు సప్లిమెంటరీ ఎందుకొచ్చిందో యూనివర్సిటీయే సంజాయిషీ ఇవ్వాలి. తర్వాత పరీక్ష. తప్పితే రీట్రైనింగ్, అంటే మళ్లీ అదే పేపరు. ఈసారి జవాబులు పక్కసీటు అన్న చెబుతాడు. దాన్ని నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటారట.

గౌనింగ్, అంటే బట్టలు మార్చుకునే గది ముచ్చట మాత్రం వినితీరాలి. అడ్డంగా ఒక బెంచీ ఉంటుంది. బయటి చెప్పులు ఇవతల వదిలి, బెంచీ మీద కూర్చుని, కాళ్లు గాల్లోనే తిప్పి అవతల పెట్టాలి. ఇవతలి నేల తాకిన కాలు అవతల మోపితే మళ్లీ మొదటికి. వాచీ, ఉంగరం, కోటప్పకొండలో కట్టించుకున్న ఎర్రదారం లాకర్లోకి, నుదుటి బొట్టు నీళ్లలోకి. తలకి టోపీ, ముక్కుకి మాస్కు, గడ్డంతో పాటు మీసానికీ వల. పల్నాటి మీసానికి వల వేసిన ఘనత నాయకురాలు నాగమ్మకి కూడా దక్కలేదు, యూఎస్ ఎఫ్‌డీఏకి దక్కింది. ఆ తెల్ల ముసుగుల్లో ఎవరెవరో పోల్చుకోలేం, బ్రహ్మనాయుడి చాపకూడు మళ్లీ మొదలైందా అనిపిస్తుంది. క్యాంటీన్‌కి వచ్చి ముసుగు తీస్తే మెడలో ట్యాగులు బయటపడతాయి. పర్మనెంటు వాళ్లది ఒక రంగు, కాంట్రాక్టు వాళ్లది ఇంకో రంగు.

ఇక రాత. వైట్‌నర్ అన్న మాటే ఎత్తకూడదు. తప్పు పడితే దాని మీద ఒక్కటే గీత, కింద రాసింది కనబడాలి, పక్కన సంతకం, తేదీ, కారణం. అడంగల్ దిద్దేవాళ్లకి ఈ ట్రైనింగ్ ఇప్పిస్తే సగం సివిల్ కోర్టులకి తాళం వెయ్యొచ్చు.

కాగితమంటే ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 చివర్లో అమెరికా తనిఖీదారులు గుజరాత్‌లోని ఇంటాస్ ప్లాంటుకి వెళ్తే చింపిపారేసిన కాగితాలు సంచులకొద్దీ దొరికాయి. ఒక ఎనలిస్టు తూకం చీటీలున్న చెత్తబుట్టలో ఎసిటిక్ యాసిడ్ పోశాడని వాళ్ల నివేదికలో ఉంది. అక్కడ తయారీ ఆగేసరికి 2023లో అమెరికా కేన్సర్ ఆస్పత్రుల్లో సిస్ప్లాటిన్‌కి కటకటొచ్చింది. తూకం చీటీ అంటే రోగి ప్రాణమేనని కంపెనీలు కుర్రాళ్లకి నూరిపోయడం న్యాయమే. నా పేచీ అంతా ఆ కుర్రాడి ప్రాణం గురించి.

ఎందుకంటే ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టులు రెండు. మందు కాంట్రాక్టులో ప్రతి గ్రాముకీ ఒక పేజీ. మనిషి కాంట్రాక్టుకి ఒక మేస్త్రీ. డ్రమ్ములు దొర్లించేవాడు, రియాక్టరు కడిగేవాడు ఆ రెండో దాంట్లో వస్తారు. మావాడు చూసినంతలో వాళ్ల ఇండక్షన్ ఒక వీడియో, ఒక హెల్మెట్టు, ఒక సంతకం. వచ్చింది ఒడిశా నుంచి, వీడియో ఇంగ్లిషులో. ఆ రిజిస్టర్లోనూ 'అర్థమైంది' అనే ఉంటుంది.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా మందుల ఫ్యాక్టరీలో ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై, ఆవిరి కమ్ముకుని పేలింది. 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు, ఆచూకీ దొరకనివాళ్లతో కలిపి 54 మంది. కొందరిని డీఎన్ఏ పరీక్ష చేస్తే తప్ప ఇంటివాళ్లకి అప్పగించలేకపోయారు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41-బి చేర్చారు. ఏ పదార్థంతో ఏ ప్రమాదముందో, వస్తే ఏం చెయ్యాలో యాజమాన్యం కార్మికులకి చెప్పి తీరాలని, 2025లో ఆ చట్టం రద్దయ్యేదాకా, అందులో ఉండేది. ప్రమాదం ముంచుకొస్తోందని హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చింది 41-హెచ్. ఈ రెండూ మావాడి దొంతరలో కనిపించలేదు. వాటికి ఎస్ఓపీ నంబరు లేకపోవడం వల్ల కావచ్చు.

మూడు నెలలకే వాడికి ట్రైనర్ క్వాలిఫికేషన్ వచ్చింది. ఇప్పుడు మా పక్క నుంచి వెళ్తున్న కొత్త బ్యాచికి వాడే గురువు. దసరాకి ఇంటికొస్తే అడిగాను.

"పిల్లలకి ముందుగా ఏం చెబుతావు రా?"

"గౌనింగ్ మావయ్యా. తర్వాత డాక్యుమెంటేషన్."

"మంటొస్తే ఏ గుమ్మం నుంచి పరిగెత్తాలో?"

"అది సేఫ్టీవాళ్ల టాపిక్కు. నా పీపీటీలో లేదు. అయినా ఆ డోర్ తెరిస్తే బయటి గాలి లోపలికొస్తుంది మావయ్యా, డీవియేషన్ పడుద్ది."