శ్రీశైలం కాలిబాటకు తలకిందుల సలహాలు

ముందుగా ఒక రోజు వృథా చేయండి. బెజవాడలో రాత్రి బండెక్కితే గుంటూరు, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు మీదుగా తెల్లారకముందే నంద్యాలలో దిగుతారు. దిగీదిగగానే ఆత్మకూరు బస్సు పట్టుకుని, వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగు పెట్టేయాలని అందరికీ తొందర. వద్దు. అక్కణ్ణుంచి శ్రీశైలం 40 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. బెర్తు మీద దొర్లిన నిద్ర దానికి చాలదు. నంద్యాలలో గది తీసుకుని పడుకోండి. మధ్యాహ్నం మహానంది కోనేట్లో మునిగి రండి. పెరుగన్నం తిని మళ్ళీ పడుకోండి. అంత సెలవు లేదంటారా, ఈ ఏటికి నడక మానేయండి.

ఇక సాధన. కొండెక్కడం నేర్చుకోకండి, దిగడం నేర్చుకోండి. మనం కాలవగట్ల మీద పెరిగినవాళ్ళం, మన మోకాళ్ళకు దిగుడు కొత్త. కైలాసద్వారానికి ముందు భీముని కొలను లోయ ఉంది. అందులోకి దిగి, అవతల మళ్ళీ రాతిమెట్లెక్కాలి. ఎక్కేటప్పుడు ఊపిరాడకపోతే కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. దిగేటప్పుడు పట్టేసిన మోకాలు అడవి దాటేదాకా వదలదు. అందుకే నెల ముందు నుంచీ ఇంద్రకీలాద్రి మీదికి బస్సులో వెళ్ళి, మెట్ల మీదుగా దిగండి. అమ్మవారికి కోపం రాదు.

జనం లేనప్పుడు ప్రశాంతంగా వెళ్ళమంటారు కొందరు. ఆ మాట అసలు వినొద్దు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. మహాశివరాత్రికీ ఉగాదికీ భక్తుల కోసం అటవీశాఖ దారి తెరుస్తుంది. అప్పుడే వెళ్ళండి. ఉగాదికి కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. వాళ్ళలో అందరికన్నా నెమ్మదిగా నడిచే ముసలాయన వెనక చేరండి. ఏళ్ళ తరబడి నడిచిన మనిషికి ఎక్కడ ఆగాలో తెలుసు. అన్నదానం పందిరి కనిపిస్తే మొహమాటపడకుండా తినండి.

కొత్త బూట్లు కొనకండి, అరిగినవే వేసుకోండి.

ఒక్క రోజులో చేరిపోవాలని పంతం పట్టకండి. పెద్దచెరువు దగ్గర రాత్రికి ఆగండి. అది చెంచుల గూడెం, ఆ నీళ్ళు వాళ్ళవి. ఖాళీ సీసా ఒక్కటి కూడా అక్కడ పడేయకుండా సంచిలో వేసుకుని శ్రీశైలం దాకా మోయండి.